అత్త పాడుచేసిన బెండకాయలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ సంగతీ మొదటి మాటకు తెగేది కాదు. నిద్రపోయే వేళకీ బేరమే. అమ్మ తొమ్మిదంటే నేను పదిన్నర అనేదాన్ని. ఆవిడ ఓ పావుగంట పెంచేది. నేను గిట్టుబాటు కానిదానిలా మొహం తిప్పుకుని, వెనక్కి పిలుస్తారు కదా అని గుమ్మం దాకా నడిచేదాన్ని. ఎవరూ పిలిచేవారు కాదు. ఇల్లూ వాళ్ళదే, లైటు స్విచ్చీ వాళ్ళదే. అలాంటి చోట బేరం నిలవదని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మా వాళ్ళవి ముందు నుంచీ కొట్లే. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చి పడ్డాక కూడా మా నాన్నకీ, ఆయన అక్కకీ ఇంకో పని చేతకాలేదు. చుట్టూ ఉన్న తెలుగువాళ్ళందరూ పొద్దున్నే కార్ల కంపెనీల ఆఫీసులకి బయల్దేరితే, మేం వాళ్ళు సాయంత్రం తిరిగొచ్చే వేళకి కందిపప్పూ కరివేపాకూ సిద్ధంగా పెట్టేవాళ్ళం. ఒక పక్క డ్రై క్లీనింగ్ షాపు, ఇంకో పక్క పిజ్జా షాపు, మధ్యలో మా కొట్టు. నాన్న సరుకు తెప్పించేవాడు, అమ్మ కౌంటర్లో ఉండేది, కూరగాయలు మా మేనత్త చూసుకునేది. మామయ్య పోయాక ఆవిడ మాతోనే ఉంది. పిల్లలు లేరు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. కొత్తిమీర కట్టలో ఒక్క రెమ్మ వాడినా ఇంటికి తెచ్చి చట్నీ చేసేది గానీ చెత్తబుట్టలో వెయ్యనిచ్చేది కాదు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకుంటే ఆ తర్వాత ఆవిడ చేసిన పని ఎంత పెద్దదో తెలుస్తుంది.

నేను పదకొండో క్లాసు చివర్లో ఎస్ఏటీ రాశాను. కాలేజీలో చేరాలంటే అందరూ రాసే పరీక్ష. నాకు ఒకే ఒక్క కోర్సు మీద మనసుండేది. అంతకు కొన్నేళ్ళ ముందు మా స్కూలు వాళ్ళు మమ్మల్ని పడవెక్కించి పెద్ద సరస్సు మీదికి తీసుకెళ్ళారు. అక్కడ యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒకావిడ ఒక గొట్టాన్ని తాడుతో నీళ్ళలోకి దించి, పైకి లాగి, అడుగున నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో, వాటిలో ఏమేం బతుకుతున్నాయో చూపించింది. ఆ రోజు నుంచీ నాకు ఆ యూనివర్సిటీలో ఆ సరస్సుల చదువే చదవాలని. ఇంకెక్కడికీ అప్లయ్ చెయ్యనని ఇంట్లో చెప్పేశాను కూడా. బేరగాళ్ళు చెయ్యకూడని పని అది. మనకి ఆ వస్తువు తప్ప ఇంకోటి అక్కర్లేదని అవతలివాడికి తెలిస్తే ఇంకేముంది.

స్కోరు కొట్టు వెనకగదిలో కంప్యూటర్ మీద చూశాను. నేననుకున్నదానికి చాలా కింద ఉంది. తప్పు చూశానేమోనని పేజీ మళ్ళీ తెరిచాను. అదే. స్కూల్లో కౌన్సెలర్ మెత్తగా మాట్లాడే మనిషి. దీంతో ఆ కోర్సు కష్టమని ఆవిడ మెత్తగానే చెప్పింది. అక్టోబరులో ఇంకోసారి రాయొచ్చు, ఆ తర్వాత రాస్తే మాత్రం యూనివర్సిటీ వాళ్ళు చూసే వేళకి అందదు అంది. అంటే నాకున్నది ఆ ఒక్క అవకాశం.

ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి కొట్టు ఉంది కదా. మా కొట్టుకి వచ్చే ఆంటీలకి వంకాయలు లేతవో కాదో తెలియకపోయినా ఫర్వాలేదు గానీ, ఎవరి పిల్లలకి ఎంత వచ్చిందో తెలియకపోతే కూర ఉడకదు. ఆ శనివారం ఒకావిడ, నేను ఆవిడ సామాన్లు స్కాన్ చేస్తుంటే, "ఏమ్మా, రిజల్ట్స్ వచ్చాయటగా, ఎంతొచ్చింది?" అంది. నేను మినప్పప్పు ప్యాకెట్టు మీద బార్‌కోడ్ వెతుకుతున్నట్టు నటించాను. "మా వాడు అసలు పుస్తకమే తెరవలేదు. ముందురోజంతా వీడియో గేమ్ ఆడుకుని వెళ్ళి రాసొచ్చాడు. అయినా..." అని ఆవిడ అంటూండగానే కూరల వైపు నుంచి మా అత్త గొంతు వచ్చింది. "స్కోరింకా పచ్చిగా ఉందండీ, పండాక చెప్తాం. మీరిటు రండి, కాకరకాయలు బావున్నాయి." ఆవిడ నవ్వుతూనే వెళ్ళింది. నేను మాత్రం పచ్చిమిరపకాయలు రెండుసార్లు స్కాన్ చేశాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర నా బేరం పెట్టాను. డాన్సు క్లాసు మానేస్తాను, ఈతకి వెళ్ళను, టీవీ చూడను, స్నేహితురాళ్ళతో ఫోన్లుండవు. బదులుగా నన్ను అక్టోబరు దాకా కొట్టుకి పిలవకూడదు, గది తలుపు తట్టకూడదు. నాన్న వెంటనే సరే అన్నాడు. అమ్మ కూడా సరే అంది. అత్త మాత్రం పెరుగన్నం కలుపుతూ అడిగింది.

"డాన్సు కూడానా?"

"డాన్సు కూడా."

"మరి నిద్రో?"

"అదీ తగ్గిస్తానత్తా."

"సరే," అని ముద్ద నోట్లో పెట్టుకుంది.

మొదటి మాటకే అవతలివాళ్ళు ఒప్పుకున్నారంటే మనం ఎక్కువ ఇచ్చేసుకున్నట్టు. కొట్లో పుట్టిన పిల్లికి కూడా తెలిసే ఈ సూత్రం ఆ రాత్రి నాకు తట్టలేదు. పైగా గెలిచాననుకున్నాను.

ఆ వేసవంతా నేను చదివిన తీరు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఇటుకలాంటి పుస్తకం ఒకటి, దాని మీద ఇంకో ఇటుక. కష్టమైన మాటలన్నీ చిన్న కార్డుల మీద రాసి బాత్‌రూమ్ అద్దానికి కూడా అంటించాను. మా నాన్న గెడ్డం గీసుకోవడానికి చోటు లేక కారు అద్దంలో గీసుకునేవాడు. తిండి టేబుల్ దగ్గరే. కిటికీకి దుప్పటి కట్టేశాను, బయట పిల్లలు సైకిళ్ళు తొక్కడం కనిపిస్తోందని. పొద్దున్న ఎక్కించుకున్నది సాయంత్రానికి ఉండేది కాదు. ఉండటం లేదు కాబట్టి ఇంకాస్త ఎక్కించేదాన్ని. అత్త జూలైలో రెండుసార్లు తలుపు తీసి, కాసేపు పడుకోవే అమ్మడూ అంది. ఒప్పందం గుర్తుచేసి తలుపేసుకున్నాను.

ఆగస్టులో లైబ్రరీలో ఉత్తుత్తి పరీక్ష ఒకటి పెట్టారు, అసలుదాని లాగానే టైమ్ చూసి. రాశాను. అసలు పరీక్షలో వచ్చినదానికన్నా తక్కువొచ్చింది.

అక్కడి నుంచి ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. కొట్టుకి వెళ్ళి, ఎవరూ చూడకుండా కూరగాయలు పెట్టే కూలర్ గదిలో దూరి ఏడ్చాను. ఆ గదిలో మోటారు హోరుకి ఎంత ఏడ్చినా బయటికి వినపడదు. అత్త కొత్తిమీర కోసం వచ్చి నన్ను చూసింది. కంగారు పడలేదు. "ఇక్కడ ఏడిస్తే కన్నీళ్ళు గడ్డకడతాయే. బయటికి రా," అంది. గోధుమపిండి బస్తాల మీద కూర్చోబెట్టి టీ ఇచ్చింది. అంతా చెప్పాను. ఇంక ఆ సరస్సు చదువు నాది కాదనీ, నేను మొద్దుననీ, ఒప్పందం ప్రకారం అన్నీ మానేసినా నాకేం మిగల్లేదనీ. అత్త అంతా విని, "రేపు పొద్దున్నే బండొస్తుంది. నాతో రా, కూరలు సర్దుదువు గాని," అంది. అంతే.

నేను కొట్లో పెరిగినా కౌంటరు మనిషిని. కూరల వైపు అత్త ఎవర్నీ చెయ్యి పెట్టనిచ్చేది కాదు. అందుకని ఆ పిలుపు నాకు ఓదార్పుగానే కాదు, గౌరవంగా కూడా తోచింది. మర్నాడు షికాగో నుంచి ట్రక్కు వచ్చింది. బెండకాయల పెట్టెలు చూపించి, "ఇవి నీవి. అన్నీ ఒకేసారి పోసెయ్," అంది.

"అన్నీనా? ఇంత చోట్లో పడతాయా?"

"పట్టించు. నీకు టైమ్ లేదుగా. ఒకేసారి పోసేస్తే పనైపోతుంది."

పోశాను. పట్టనివి చేత్తో అదిమాను. బెండకాయలు కొండలా నిలబడ్డాయి. చూడ్డానికి భలే ఉంది. వచ్చినవాళ్ళందరూ అబ్బ, ఎన్ని వచ్చాయో అన్నారు. దయచేసి విరవకండి అని అత్త పెద్ద అక్షరాలతో పెట్టిన బోర్డు కిందే నిలబడి, మన ఆంటీలందరూ ఒక్కో కాయ మొన పుటుక్కున విరిచి చూశారు. పైపైవి ఏరుకుని వెళ్ళారు. ఖాళీ అయినచోట అడుగునున్నవి పైకి రాలేదు. నేనే మళ్ళీ మిగిలిన పెట్టె తెచ్చి పైన పోశాను.

శనివారం సాయంత్రం, జనం పల్చబడ్డాక అత్త నన్ను పిలిచింది. "గుట్టలోకి చెయ్యి పెట్టు," అంది. మోచేతి దాకా పెట్టాను. ఏసీ కొట్లో, ఆ బెండకాయల మధ్య, జ్వరం వచ్చిన పసిపిల్ల నుదుటిలా వెచ్చగా ఉంది. చెయ్యి బయటికి తీస్తే జిగురు. అడుగు కాయలు నల్లగా కమిలి, ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. సరిగ్గా అప్పుడే మా నాన్న అటు వచ్చాడు.

"ఇదేంటక్కా! ఎవరు పోశారిలా?"

"నేనే పోయించాను. నువ్వెళ్ళి ఆ బియ్యం బస్తాలు చూసుకో, చినిగినవి వచ్చాయి," అంది అత్త. నాన్న గుట్ట వంకా, అక్క వంకా, నా వంకా చూశాడు. మా నాన్న కూడా కొట్లో పెరిగినవాడే. ఎక్కడ నోరు మూసుకోవాలో తెలిసి, బస్తాల వైపు వెళ్ళిపోయాడు.

మేమిద్దరం వెనక తలుపు దగ్గర మెట్టు మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టాం. బాగున్నవి ఒక బుట్టలోకి, కమిలినవి ఇంకో దాంట్లోకి. రెండోదే నిండుతోంది. రెమ్మ కొత్తిమీర పారెయ్యని మనిషి, అన్ని బెండకాయలు తెలిసి తెలిసి పాడుచేసిందన్న సంగతి నాకప్పుడు మెల్లగా ఎక్కింది.

"కొట్టు పెట్టిన కొత్తలో నేనూ ఇలాగే గుట్ట పోశాను," అంది అత్త. "కాయ కోశాక కూడా ఊపిరి తీసుకుంటుందే. మధ్యలో సందు ఇవ్వకపోతే దాని వేడికి అదే మగ్గిపోతుంది. నీ గది తలుపు తీసినప్పుడల్లా నాకు ఇదే సెగ తగిలింది."

"నోటితో చెప్పొచ్చుగా అత్తా. ఇన్ని పాడు చెయ్యాలా?"

"చెప్పాను. నీ చెవి ఖాళీగా లేదు. చెయ్యైనా ఖాళీగా ఉందేమోనని చూశాను."

తర్వాత అక్కడే కొత్త బేరం మొదలైంది. మా వంశంలో అలాంటి బేరం ఇంకెవరూ ఆడి ఉండరు. చదువుతానని నేను గంటలు పెంచుతుంటే ఆవిడ తగ్గిస్తూ వచ్చింది. పొద్దున్నంతా చదువుతానంటే, టిఫిన్ అయినప్పటి నుంచి భోజనం దాకా చాలంది, మధ్యలో ఓసారి లేచి వీధి చివరి దాకా నడిచి రావాలంది. సాయంత్రం కూడా చదువుతానంటే ఒక్క గంటకు దిగింది. డాన్సు మళ్ళీ మొదలుపెట్టాలంది. కిటికీ దుప్పటి తియ్యాలంది. కొట్టు మూసే వేళకి పుస్తకమూ మూసెయ్యాలంది. రోజూ కొత్తది తెరిచే ముందు నిన్నటిది ఓసారి ముందుకు లాక్కోవాలంది. కొట్లో కొత్త సరుకు వెనక పెట్టి పాతది ముందుకు జరపమా, అలా. నేను మొహం తిప్పుకుని లేచి నాలుగడుగులు నడిచాను. ఈసారి వెనక్కి పిలిచింది. "ఆ గంటకి ఇంకో అరగంట కలుపుకో, పో," అంది. జన్మలో నేను గెలిచిన బేరం అదొక్కటే అనుకుంటాను, అదీ ఆవిడ ఇచ్చిందే.

ఇంకో షరతు కూడా పెట్టింది. రోజూ సాయంత్రం ఆవిడ గోంగూరో, మెంతికూరో ఒలుస్తూ కూర్చున్నప్పుడు, ఆ రోజు నేను తప్పు చేసిన లెక్కల్లో ఒకటి ఆవిడకి చెప్పాలి. తెలుగులో, కథ చెప్పినట్టు. ఆవిడ ఊఁ కొడుతుంది.

ఆవిడ చదువుకున్నది పదో తరగతి. అదీ ఏనాటి మాటో. ఈవిడకి ఇదంతా ఏం చెప్తానులే అని మొదటిరోజు గబగబా అప్పజెప్పాను. కొంతదూరం ఊఁ, ఊఁ అని వచ్చింది, ఉన్నట్టుండి ఆగింది. తలెత్తి చూశాను. ఆకు ఒలుస్తూనే ఉంది, ఊఁ మాత్రం లేదు. వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పాను. మళ్ళీ అక్కడే ఆగింది. ఆవిడ తప్పు పట్టుకుందని కాదు. కథలో ఎక్కడో గొలుసు తెగింది, ఆవిడకి తోవ కనపడలేదు, అంతే. మూడోసారి చెప్పబోతే నాకే అర్థమైంది, అక్కడ ఏం జరుగుతుందో నాకూ తెలియదని. అన్నాళ్ళూ నేను జవాబు చూసి అవునవును అని తలూపి పేజీ తిప్పేశాను. తలూపడమూ తెలియడమూ ఒకటే అనుకున్నాను.

ఆ తర్వాత నుంచి రోజంతా చదువుతున్నప్పుడు కూడా లోపల ఒక మూల ఆవిడ కూర్చుని వింటున్నట్టుండేది. ఇది అత్తకి ఎలా చెప్పాలి, ఇక్కడ ఊఁ ఆగిపోతుందేమో అనుకునేదాన్ని. నిద్ర పట్టేది. స్కూలు తెరిచారు. ఆంటీలు మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉన్నారు, ఆంటీలు కదా. నేను నవ్వి, సంచీ కావాలా అని అడిగేదాన్ని.

పరీక్షకి ముందురోజు, శుక్రవారం, స్కూలు అవగానే అత్త కారు వేసుకుని వచ్చింది. యాపిల్ తోటకి వెళ్దామంది. ఆకులు ఎర్రబడే రోజుల్లో మా వైపు అందరూ తోటలకి వెళ్ళి, యాపిల్స్ కోసుకుని, వేడి వేడి డోనట్లు తినొస్తారు. అమ్మ ఫోన్ చేసి గొడవపెట్టింది. "రేపు పరీక్ష పెట్టుకుని యాపిల్స్ ఏంటి వదినా! అది ఇవాళన్నా చదువుకోవద్దా?" అత్త ఫోన్ చెవికి కాస్త దూరంగా పట్టుకుని అంతా విన్నది. "ఇవాళ చదివేది రేపటికి సర్దుకోదమ్మా. చీకటి పడకముందే తెచ్చి అప్పజెప్తాను," అంది. తోటలో చెట్ల మధ్య నడుస్తూ మేం పరీక్ష ఊసే ఎత్తలేదు. అత్త నిచ్చెనెక్కి, కాయలు ముట్టుకోకుండా దిగి, "మన దగ్గర దీనికి ఈ ధరలో సగం కూడా పెట్టరు," అని తోటవాడితో తెలుగులోనే బేరం మొదలుపెట్టింది. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నవ్వి ఇంకో రెండు కాయలు సంచీలో వేశాడు. నేను కడుపు పట్టుకుని నవ్వాను. అలా నవ్వి చాలా నెలలైందని అప్పుడు తెలిసింది.

మర్నాడు పరీక్ష హాల్లో భయం వేసింది, వెయ్యలేదని అబద్ధం చెప్పను. కాకపోతే భయం పక్కన కాస్త చోటు మిగిలింది. అర్థం కాని ప్రశ్న వస్తే దాని మీద పడి కొట్టుకోకుండా దాటి, తర్వాత వెనక్కి రాగలిగాను. స్కోరు పెరిగింది. వీడియో గేమ్ ఆడి రాసిన ఆ అబ్బాయికి వచ్చినంత రాలేదు, ఆ సంగతి ఆంటీ గారు కొట్టుకి వచ్చి మరీ నిర్ధారించుకున్నారు. నాకు కావలసినంత వచ్చింది. సీటు సంగతి తేలేదాకా సాయంత్రం లెక్కల కథలు మాత్రం ఆపలేదు. డిసెంబరులో, మంచు కురుస్తున్న ఒక సాయంత్రం, యూనివర్సిటీ నుంచి సీటిచ్చినట్టు కబురొచ్చింది.

కొట్లోకి పరుగెత్తుకెళ్ళి చెప్పాను. అమ్మ కౌంటరు వదిలి వచ్చి పట్టుకుని ఏడ్చింది. నాన్న మిఠాయి డబ్బా ఒకటి విప్పి, కొనడానికి వచ్చినవాళ్ళకే పంచిపెట్టాడు. అత్త నా తల నిమిరి, బుగ్గలు పుణికి, వెనక్కి వెళ్ళిపోయింది. కాసేపటికి వెతుక్కుంటూ వెళ్ళాను. ఎప్పటిలాగే మెంతికూర ముందేసుకుని కూర్చుంది. పక్కన నాకోసం ఒక పాలడబ్బాల బుట్ట బోర్లించి పెట్టి ఉంది.

"ఊఁ, చెప్పు," అంది.

"పరీక్ష అయిపోయింది కదత్తా. సీటు కూడా వచ్చేసింది."

అత్త చేతిలో ఆకు ఆగింది. "అయిపోతే? ఇంక నాకు చెప్పడానికేం లేదా?"

తలెత్తి ఆ ముఖం చూశాను. అన్ని నెలలూ ఆవిడ నాకు సాయం చేస్తోందనే అనుకున్నాను. రోజంతా కూరలు మోసి, జనంతో వాదించి అలిసిపోయిన ఆ మనిషి, సాయంత్రం కోసం ఎదురుచూసేదని నాకు తట్టనే లేదు. కూర్చున్నాను. ఏం చెప్పాలా అని వెతుక్కుని, ఆ వారం స్కూల్లో చెప్పిన సంగతి ఎత్తుకున్నాను. ఇంత చలికి సరస్సు పైన గడ్డకడుతుంది గానీ అడుగుదాకా ఎందుకు గడ్డకట్టదో, ఆ మంచుపలక కింద చేపలు చలికాలమంతా ఎలా బతుకుతాయో చెప్పాను. ఊఁ, ఊఁ అని వచ్చి, ఒకచోట ఆగింది.

"మరి వాటికి గాలో?" అంది.

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. "రేపు కనుక్కుని చెప్తానత్తా."

"రేపు చెప్పు," అని ఆకు ఒలుచుకోవడంలో పడింది.

ఇప్పుడు నేను సరస్సుల నీళ్ళు పరీక్షించే పనిలోనే ఉన్నాను. నా జుట్టూ నెరుస్తోంది. స్కోర్లు ఎవరికి ఎంతొచ్చాయో మర్చిపోయాను, నాదీ మర్చిపోయాను. కొత్త సంగతి ఏది తెలిసినా, ఆఫీసులో ఎంత పెద్దవాళ్ళ మధ్య కూర్చుని ఉన్నా, ముందుగా దాన్ని తెలుగులో, మెల్లగా, మా అత్తకి ఎలా చెప్పాలా అనుకుంటాను. తెలియనిది ఎదురైతే సిగ్గుపడను. రేపు కనుక్కుంటాను. ఎవరో ఒకరు సాయంత్రం దాని కోసం ఎదురుచూస్తున్నారన్న నమ్మకంతో కనుక్కుంటాను.